కొలువు మారితే కొంప మునగదు

యాభై ఏళ్ల క్రితం మన ఇళ్లలో ఒక ధీమా వుండేది. అబ్బాయి ఏదో ఒక ఆఫీసులో గుమాస్తాగా కుదిరాడంటే చాలు, ఇక రిటైరయ్యే దాకా అతని జాతకం చూడనక్కరలేదు. ఒకటో తారీఖున జీతం, దసరాకు కొత్త బట్టలు, చివరికి పింఛను. పిల్లనిచ్చేవాళ్లు కూడా పొలం ఎంతని అడగటానికి ముందు కొలువు పర్మనెంటేనా అని అడిగేవారు.

ఆ ధీమా ఇప్పుడు సడలింది. ఒకచోట కంపెనీయే మూతపడుతుంది. మరొకచోట కంపెనీ నిక్షేపంగా వుంటుంది, మన బల్ల మీది పని మాత్రం మాయమవుతుంది. నిన్నటి దాకా పదిమంది కూర్చుని రాసిన లెక్కలు ఇవాళ ఒక యంత్రం రాసి పారేస్తుంది. రిట్రెంచిమెంటు అనండి, ఉద్వాసన అనండి, వి.ఆర్.ఎస్. అనండి, పేరు ఏదైనా ఫలితం ఒక్కటే. తప్పు మనిషిది కాదు. అయినా ఆ కాగితం జేబులో పెట్టుకుని సాయంత్రం ఇంటికి నడిచి వచ్చే మనిషికి, తానే ఏదో నేరం చేసినట్టు వుంటుంది.

ఆ రాత్రి ఇంట్లో మూడు ప్రశ్నలు పుడతాయి. పిల్లల ఫీజు ఎట్లా? నలుగురికీ ఏం చెప్పాలి? రేపటి నుంచి ఏం చెయ్యాలి? మూడో ప్రశ్నకు సలహా చెప్పేవారికి కొదువ లేదు. "కంప్యూటరు నేర్చుకోరాదే! మా పిల్లగాడు మాదాపూర్ల జేస్తున్నడు, మంచి జీతం" అని ఎదురింటాయన వెంటనే చెబుతాడు. సలహా చెడ్డది కాదు. కాని నలభై అయిదేళ్ల మనిషి ఎదురింటి పిల్లవాడి వెంట పరుగెత్తవలసిందేనా, అతనికి వేరే దారి వుందా అన్నది ఆలోచించవలసిన సంగతి.

ఆలోచించటానికి దూరం పోనక్కరలేదు. నల్లగొండ, పాలమూరు పాత జిల్లాలే చాలు. రెండు జిల్లా కేంద్రాలూ హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో వున్నాయి. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు నగరంలో పని చూసుకోవచ్చు. ఐ.టి. అనేది ఇప్పుడు నగరం దాటి ఇక్కడికే నడిచి వచ్చింది కూడా. 2023 మే నెలలో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐ.టి. టవరు, అదే ఏడాది అక్టోబరు 2న నల్లగొండలో ఐ.టి. హబ్బు ప్రారంభమయ్యాయి. అన్నిటికన్నా ముఖ్యం, చేస్తున్న పని కాళ్ల కింద నుంచి జారిపోవటం ఈ నేలకు కొత్త కాదు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల పారను మట్టితవ్వే యంత్రాలు మూలకు పెట్టాయి. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యంలోని నల్లగింజను, రాతి పలుకును ఇప్పుడు కెమెరా కన్నున్న యంత్రం ఏరుతుంది. పని పోయినప్పుడు మనుషులు ఏం చేశారో చూస్తే, మనం ఏం చెయ్యాలో కొంత తెలుస్తుంది.

పదవి రద్దయింది, పని మిగిలింది

తెలంగాణ పల్లెలో పట్వారీ అంటే ఒకప్పుడు ఎంత పలుకుబడి! ఎవరి భూమి ఎంత, ఏ సర్వే నెంబరులో ఎవరు సాగు చేస్తున్నారు, శిస్తు ఎంత అన్నది ఆయన దస్త్రంలో వుండేది. తరతరాలుగా వచ్చిన ఆ వ్యవస్థను 1984లో నందమూరి తారకరామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో రద్దు చేసింది. ఆ తరువాత ఆ పనికి జీతం మీద గ్రామాధికారులు వచ్చారు. పేర్లు మారుతూ మారుతూ చివరికి వి.ఆర్.ఓ. అన్న పేరు స్థిరపడింది.

2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ వి.ఆర్.ఓ. పదవినీ రద్దు చేసింది. ఐదువేల మందికి పైగా ఉద్యోగుల కుర్చీలు ఒక్క చట్టంతో లేకుండా పోయాయి. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి ప్రారంభమయింది. భూమి లెక్కంతా ఇక కంప్యూటరులోనే. జీతాలు ఆగలేదుగాని, పని లేని ఉద్యోగులుగా వాళ్లు చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది. 2022లో లాటరీ తీసి వారిని వేరే వేరే శాఖలకు పంపారు. నిన్నటి దాకా పహాణీలు చూసిన మనిషి బొత్తిగా సంబంధం లేని శాఖలో కొత్తగా ఓనమాలు దిద్దుకోవలసి వచ్చింది.

కథ అక్కడితో ముగిస్తే, యంత్రం గెలిచింది, మనిషి ఓడాడు అనుకోవచ్చు. కాని తరువాత జరిగింది చూడండి. ధరణిలో ఎక్కని భూములు, తప్పుగా ఎక్కిన పేర్లు, నిషేధిత జాబితాలో చిక్కుకున్న సర్వే నెంబర్లు ఊరూరా బయటపడ్డాయి. ఖాస్రా పహాణీలో ఏముంది, సేత్వారులో ఏముంది, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నది ఏది అన్నవి యంత్రానికి ఎట్లా తెలుస్తాయి? తెలిసిన మనిషి ఊళ్లో లేడు. 2025లో భూభారతి చట్టం వచ్చింది. దానితోబాటు గ్రామ పాలనాధికారి అనే కొత్త పదవి వచ్చింది. పాత వి.ఆర్.ఓ.లకు, వి.ఆర్.ఏ.లకు పరీక్ష పెట్టి, నెగ్గినవారిలో ఐదువేల మందికి పైగా 2025 సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చారు.

ఇందులో రాజకీయం ఎంత, ఏ ప్రభుత్వానిది ఒప్పు అన్న చర్చ మనకు అనవసరం. మనకు కావలసిన నీతి ఒక్కటే. కంప్యూటరు వచ్చి రాతపని తీసేసింది. కాని ఆ రాత వెనక వున్న తెలివి అవసరం తీరలేదు. పహాణీ చదవగలిగి, కంప్యూటరూ తెలిసినవాడికి రెండువైపులా గిరాకీ వుంది. ఒక్క మీట నొక్కటమే తెలిసినవాడు ఊరికి చాలలేదు.

టైపు మిషను మూగబోయిన నాడు

ఇంకొక ఉదాహరణ. నలభై దాటిన పాఠకులలో టైపు ఇన్‌స్టిట్యూటు మెట్లెక్కనివారు తక్కువ. వేసవి సెలవులు వచ్చాయంటే నల్లగొండలో, మహబూబ్‌నగరులో, ఆ మాటకొస్తే ఏ తాలూకా కేంద్రంలోనైనా టకటకమని వాన కురిసినట్టు ఆ చప్పుడు వినిపించేది. ఎ ఎస్ డి ఎఫ్ అంటూ మొదలుపెట్టి, లోయరు ప్యాసయి, హయ్యరు ప్యాసయితే ఇంట్లో లడ్డూలు పంచేవారు. కోర్టులో, కలెక్టరు కచేరీలో, వకీళ్ల ఇళ్లలో ఆ సర్టిఫికెట్టు అన్నం పెట్టేది.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. ఇండియాలో టైపు మిషన్లు చేసే పెద్ద కంపెనీ గోద్రెజ్ కూడా 2011 నాటికి వాటి తయారీ నిలిపివేసింది. ఇన్‌స్టిట్యూటు యజమాని ముందు రెండు దారులు నిలిచాయి. మిషన్లను పాత ఇనుముకు అమ్మి షట్టరు దించటం ఒకటి. పక్క గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టటం రెండోది.

రెండోదారి పట్టినవారికి ఒక వింత కనిపించింది. యంత్రం కొత్తదే, అక్షరాల పలక పాతదే! అమెరికాలో షోల్స్ అనే ఆయన 1870ల నాటి టైపు మిషనుకు అమర్చిన అక్షరాల వరసే ఇవాళ్టి కంప్యూటరు మీదా వుంది. పది వేళ్లతో చూడకుండా కొట్టే అలవాటు ఒక్క రోజు కూడా వృథా పోలేదు. తెలుగు టైపు వచ్చినవాళ్లు డి.టి.పి.లో దిగారు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల నివేదికలు, చివరికి పుస్తకాలు వాళ్ల చేతుల మీదుగా వచ్చాయి. దరఖాస్తులు నింపిపెట్టే మీసేవ కేంద్రాలు 2011లో మొదలయినప్పుడు, ఆ పని అందరికన్నా ముందు అందుకోగలిగినది కూడా ఇటువంటి చేతులే.

కాని ఇక్కడొక హెచ్చరిక వుంది. డి.టి.పి.తోనే ఆగిపోయినవారికి రెండో దెబ్బ తగిలింది. తెలుగు అక్షరాలకు యూనికోడు వ్యాపించి, ఫోనులో మాట్లాడితేనే తెలుగు పడే రోజులు వచ్చాక, ఒట్టి టైపు కొట్టటానికి ధర పడిపోయింది. నిలిచినవారు ఎవరయ్యా అంటే, తప్పులు దిద్దగలవారు, పేజీ అందంగా కూర్చగలవారు, కాగితంలో ఏ మాట ఏ కచేరీకి తగునో తెలిసినవారు. అంచేత ఒకసారి మారితే చాలు, ఇక జీవితాంతం నిశ్చింత అనుకోవటానికి వీల్లేదు.

మగ్గం నేర్పిన లెక్క

కంప్యూటరు మన చేతిపనులకు పరాయిది అనుకునేవారికి ఒక విచిత్రం చెప్పాలి. కంప్యూటరుకు పూర్వీకులలో ఒకటి మగ్గమే!

గద్వాల చీర అంచు నేసే మగ్గం మీద జకార్డు అనే పెట్టె వుంటుంది. దానికి చిల్లులు పొడిచిన అట్టలు దండలా గుచ్చి వేలాడుతూ వుంటాయి. చిల్లు వున్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. హంస కావాలన్నా, మామిడిపిందె కావాలన్నా అంతా ఆ చిల్లుల లెక్కే. ఈ ఏర్పాటును ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో స్థిరపరిచాడు. ఇంగ్లండులో బాబేజ్ అనే గణిత పండితుడు తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఆ చిల్లుల అట్టలనే వాడదలచాడు. అమెరికాలో హోలరిత్ అనే ఇంజనీరు అటువంటి అట్టలతోనే 1890 నాటి జనాభా లెక్కలు తేల్చాడు. ఆయన పెట్టిన కంపెనీ ఇతర కంపెనీలతో కలిసి చివరికి ఐ.బి.యం. అయింది. చిల్లు వుంది, చిల్లు లేదు అన్న ఆ రెండు మాటలే ఇవాళ కంప్యూటరు భాషలో ఒకటి, సున్న. ఆ లెక్క మన గద్వాల నేతగాడికి అలవాటయిన లెక్కే.

పోచంపల్లి వైపు పోతే ఇంకా దగ్గరి ఉదాహరణ వుంది. అక్కడి చిటికీ పని చీరకు నేతకు ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంలో వున్న మేకుల చుట్టూ దారం తిప్పటమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. ఇంట్లో అది ఆడవాళ్ల వంతు, రాత్రికి భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో శ్రీ చింతకింది మల్లేశం తల్లి లక్ష్మిగారు పడే ఆ బాధ చూశారు. ఆరో తరగతితో చదువు ఆపేసిన యువకుడాయన. ఏళ్ల తరబడి కొయ్యముక్కలతో, మోటార్లతో ప్రయోగాలు చేశారు. నలుగురూ నవ్వారు, అప్పులయ్యాయి. హైదరాబాదు వెళ్లి కరెంటు పనిలో కుదిరారు. బాలానగర్‌లో ఒక కార్ఖానాలో పని చేస్తున్నప్పుడు, అక్కడి యంత్రం ఒకటి కదిలే తీరు చూసి, తన యంత్రానికి కావలసిన కిటుకు ఇదే కదా అని గ్రహించారు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

మల్లేశంగారికి యంత్రశాస్త్రం పుస్తకాలు తెలిసినవారు ఆ రోజుల్లో దేశంలో వేలమంది వుండి వుంటారు. వారెవరూ ఆసు యంత్రం చెయ్యలేదు. ఎందుకంటే ఆసు బాధ వారికి తెలియదు. ఆ బాధ ఎరిగిన ఇంటివాడు కరెంటు పని కూడా నేర్చినప్పుడు ఆ రెంటి నడుమ కొత్త వస్తువు పుట్టింది. వృత్తి మార్చదలచినవారు గోడ మీద రాసిపెట్టుకోదగ్గ సంగతి ఇది. కొత్త విద్య దగ్గరికి ఖాళీ చేతులతో పోకూడదు. పాత విద్యను వెంటబెట్టుకుని పోవాలి.

ఐ.టి. అంటే ఒక్కటే పనా?

ఐ.టి. అనగానే మనవాళ్లకు ప్రోగ్రాములు రాయటం ఒక్కటే గుర్తుకు వస్తుంది. అందులో ఇరవై రెండేళ్ల ఇంజనీరింగు పిల్లలతో పోటీ పడాలి. పైగా అక్కడ కూడా పూలపాన్పు లేదు. 2025 జులైలో టి.సి.యస్. కంపెనీ తన సిబ్బందిలో దాదాపు రెండు శాతాన్ని, అనగా పన్నెండు వేల మందికి పైగా తగ్గించబోతున్నట్టు ప్రకటించింది. సులభమయిన ప్రోగ్రాములు రాయటం ఇప్పుడు యంత్రాలకూ వచ్చు. కాబట్టి ఒక మునిగే పడవ నుంచి ఇంకొక ఊగే పడవలోకి కళ్లు మూసుకుని దూకవద్దు.

కాని ఐ.టి. ఇంటికి గదులు చాలా వున్నాయి. ఏ గదికి మన దగ్గర తాళంచెవి వుందో చూసుకోవాలి.

దుకాణంలోనో మిల్లులోనో పద్దులు రాసినవారికి ట్యాలీ, జి.యస్.టి. లెక్కలు దగ్గర చుట్టాలు. 2017 జులై 1న జి.యస్.టి. వచ్చినప్పటి నుంచి ఆ పన్ను కట్టవలసిన చిన్న వ్యాపారికి కూడా కంప్యూటరు లెక్క తప్పనిసరి అయింది. మందుల కంపెనీలోనో ఆసుపత్రిలోనో పని చేసినవారికి, బి.ఫార్మసీ, బి.యస్సీ చదివినవారికి మెడికల్ కోడింగు అనే పని వుంది. రోగి కాగితాలు చదివి, రోగానికీ చికిత్సకూ నిర్ణయించిన సంకేతాలు వెయ్యటం అందులో పని. మందుల పేర్లు తెలిసిన మనిషికి అది సగం వచ్చినట్టే. భూమి కొలతలు తెలిసినవారికి కంప్యూటరు పటాల పని వుంది. సిమెంటు ఫ్యాక్టరీలో మీటర్లు చూసినవారికి కంట్రోలు గదిలో యంత్రాలను నడిపించే పి.ఎల్.సి. పని వుంది. బ్యాంకులో, బీమా ఆఫీసులో చేసినవారికి సాఫ్టువేరు పరీక్షించే పని వుంది. వడ్డీ లెక్క ఎక్కడ తప్పుతుందో ఇరవై ఏళ్లు కౌంటరులో కూర్చున్నవాడికి తెలిసినట్టు కొత్త కుర్రవాడికి తెలుస్తుందా?

కొందరికి ఇంగ్లీషు భయం. మన తాతల సంగతి ఒకసారి తలచుకోండి. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువులే ఉర్దూలో సాగాయి. 1948 తరువాత కాలం తిరగబడింది. ఉర్దూలో దస్త్రాలు రాసిన గుమాస్తాలు నడివయసులో ఇంగ్లీషు, తెలుగు దస్త్రాలకు అలవాటు పడవలసి వచ్చింది. మనకు కావలసిన ఇంగ్లీషు కావ్యాలు చదివే ఇంగ్లీషు కాదు. తెర మీది రెండు వందల మాటలు అర్థమయితే మొదటి మెట్టు ఎక్కినట్టే.

చేతికి రావలసిన డబ్బు

చదువు మొదలుపెట్టే ముందు లెక్క చూసుకోవాలి. ఉద్వాసన కాగితం వచ్చిన కంగారులో చాలామంది చేసే పొరపాటు, అడిగిన చోటల్లా సంతకం పెట్టటం. "మీరే రాజీనామా ఇస్తే మర్యాదగా వుంటుంది" అని మెత్తగా చెప్పే అధికారులు కూడా వుంటారు. తొందరపడవద్దు. రాజీనామాకూ రిట్రెంచిమెంటుకూ డబ్బులో చాలా తేడా వుంది.

2025 నవంబరు 21 నుంచి దేశంలో కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం కనీసం ఒక ఏడాది విడవకుండా పని చేసిన కార్మికుణ్ణి తొలగించేటప్పుడు నెల రోజుల నోటీసు గాని, బదులు నెల జీతం గాని ఇవ్వాలి. పూర్తి చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఇది 1947 నాటి చట్టంలోనూ వున్నదే. కొత్తగా చేరింది ఇంకొకటి: తొలగించిన కార్మికుడు మరో పని నేర్చుకోవటానికి పదిహేను రోజుల వేతనం యజమాని ఒక నిధికి జమ చెయ్యాలి. అది నలభై అయిదు రోజులలో కార్మికుడి ఖాతాలో పడాలి. ఐదేళ్ల సర్వీసు నిండినవారికి గ్రాట్యుటీ సరేసరి.

లెక్క వేసి చూద్దాం. మూలవేతనం, కరువుభత్యం కలిపి నెలకు 26,000 రూపాయలు, పన్నెండేళ్ల సర్వీసు అనుకోండి. పరిహారం 1,56,000. గ్రాట్యుటీ, నెలకు ఇరవై ఆరు రోజుల లెక్కన, 1,80,000. కొత్త పని నేర్చే నిధి కింద 13,000. మొత్తం 3,49,000 రూపాయలు. ప్రావిడెంటు ఫండు ఇందులో కలపలేదు. ఇంటి ఖర్చు నెలకు 25,000 అనుకుంటే దాదాపు పద్నాలుగు నెలల ఊపిరి. సంతకం తొందరపడి పెట్టి రాజీనామా ఇస్తే గ్రాట్యుటీ మిగులుతుంది, తక్కిన రెండూ పోతాయి. ఈ పరిహారాలు కార్మికులకు, గుమాస్తాలకు, సాంకేతిక సిబ్బందికి వర్తిస్తాయి. మేనేజర్లు, ఎక్కువ జీతం వున్న సూపర్‌వైజర్లు తమ నియామక పత్రంలో ఏముందో చదువుకోవాలి. అనుమానం వుంటే జిల్లా కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కటం నామోషీ కాదు.

ఆరు నెలల పథకం

మొదటి వారం: సర్వీసు సర్టిఫికెట్టు, రిలీవింగు కాగితం, జీతం రసీదులు, ప్రావిడెంటు ఫండు నెంబరు ఒక ఫైలులో పెట్టండి. అదే వారం భార్యాభర్తలు ఒకచోట కూర్చుని ఇంటి లెక్క రాయండి. ఇల్లాలికి చెప్పకుండా రోజూ టిఫిను డబ్బా పట్టుకుని పార్కులో కూర్చునే మగవారు వున్నారు. ఇది ఇద్దరికీ మంచిది కాదు. ఏ ఖర్చు తగ్గించాలో ఆమెకు తెలిసినంత ఆయనకు తెలియదు.

మొదటి రెండు నెలలు: పైసా ఖర్చు లేకుండా నేర్చుకోండి. ప్రభుత్వం నడిపే స్వయం అనే వేదిక మీద, ఐ.ఐ.టి.ల ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠాలలో చేరటానికి రుసుము లేదు. సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష రుసుము. రోజుకు మూడు గంటలు, ఒకే వేళలో కూర్చోండి. ఇంట్లో కాలేజీ చదివే బిడ్డ వుంటే ఆమెనే గురువుగా పెట్టుకోండి. "నాయినా, ఈడ గాదు, ఆడ నొక్కాలె" అని బిడ్డ విసుక్కుంటే చిన్నబుచ్చుకోవద్దు. ఆమెకు ఎక్కాలు నేర్పిన రోజున మీరూ విసుక్కున్నారు!

మూడు, నాలుగు నెలలు: మీ పాత పనికి దగ్గరగా వున్న ఒక్క విద్యను ఎంచుకోండి. నాలుగు కోర్సులలో చేరి నాలుగూ సగంలో విడవటం కన్నా ఒకటి పూర్తి చెయ్యటం మేలు. అమీర్‌పేటలో చేరదలిస్తే ముందు ఒకటి రెండు పాఠాలు కూర్చుని విని, అప్పుడే ఫీజు కట్టండి.

అయిదు, ఆరు నెలలు: నేర్చినదానితో ఏదైనా ఒక పని నిజంగా చేసి చూపండి. వీధి చివర కిరాణా దుకాణం లెక్కలు, చేనేత సంఘం నిల్వల పట్టిక, కాలనీ సంఘం పద్దులు ఏవైనా సరే. కొలువు ఇచ్చేవాడు సర్టిఫికెట్టు ఒకసారి చూస్తాడు, చేసిన పని రెండుసార్లు చూస్తాడు.

మొదటి జీతం పాతదానికన్నా తక్కువ వుండవచ్చు. మీకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు పై అధికారి కావచ్చు. ఈ రెంటికీ మనసు ముందే సిద్ధం చేసుకుంటే సగం బాధ తగ్గుతుంది.

మోసపు దారులు

ఆఖరి మాట, గట్టిగా చెప్పవలసిన మాట. ఉద్యోగం పోయిన ఇంటి చుట్టూ గద్దలు తిరుగుతాయి. "రెండు లక్షలివ్వండి, పెద్ద కంపెనీలో దొడ్డిదారిన వేయిస్తాం" అనేవారిని నమ్మి మునిగిపోయిన కుటుంబాలు హైదరాబాదులో తక్కువేమీ కాదు. లేని అనుభవానికి దొంగ సర్టిఫికెట్టు కొనిపెడతామనేవారు ఇంకా ప్రమాదం. ఇప్పుడు కంపెనీలు పాత యజమానిని, ప్రావిడెంటు ఫండు ఖాతాను విచారించి గాని ఉద్యోగం ఖాయం చెయ్యవు. దొరికిపోతే పోయేది కొలువు ఒక్కటే కాదు, పేరు కూడా. ఇరవై ఏళ్ల నిజమైన అనుభవం వున్న మనిషికి మూడేళ్ల దొంగ అనుభవం ఎందుకు?

ఇల్లు తాకట్టు పెట్టి కోర్సు చెయ్యవద్దు. అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు ముట్టవద్దు. చేతికి వచ్చిన పరిహారంలో పదోవంతు కన్నా ఎక్కువ చదువుకు పెట్టనక్కరలేదు. తక్కినది ఇల్లు గడవటానికి.

పట్వారీ దస్త్రం పోయింది, భూమి లెక్క తెలిసిన మనిషిని మళ్లీ పిలిచారు. టైపు మిషను పోయింది, పది వేళ్ల నేర్పు మిగిలింది. ఆసు పోసే బాధ తగ్గింది, పోచంపల్లి చీర నిలిచింది. కొలువు ఒకరు ఇచ్చేది, కాబట్టి ఒకరు తీసుకోగలరు. ఇన్నేళ్లు కూడబెట్టిన తెలివిని ఏ కాగితమూ రద్దు చెయ్యలేదు. దానికి కొత్త పనిముట్టు ఒకటి జత చేసుకోవటమే మిగిలిన పని.